అతుకు కూలి

జాలారిపేటలో వలలు బాగుచేసేదాన్ని నేను.
యుద్ధాల సంగతి నాకేం తెలుసు?
చిరుగుల సంగతి తెలుసు.

యారాడ కొండ ఇంకా ఊపిరి పీల్చే రోజుల్లో
దాని ముక్కు మీద కోట కట్టుకున్న బుగతల ఇంట
ఆఖరి పిల్ల దేవులాంబ.
పుడుతూనే ఏడవలేదట, తుమ్మిందట.
బదులుగా కొండా తుమ్మితే
రేవులో ఏడు పడవలు తాళ్లు తెంచుకుపోయాయి.
మా అవ్వ ఇప్పటికీ ఆ పడవల లెక్క అడుగుతుంది.

పదేళ్లకి కత్తి. పదమూడుకి గుర్రం.
గుర్రమంటే సంతలో దొరికేది కాదు,
భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల మీద
జడివాన రాత్రి తనంతట తాను లేచి నిలబడేది.
ఎండల్లో నీళ్లు పట్టకపోతే
బీటలు వారి గిట్టల నుంచి రాలిపోతుంది.
తెల్లారగట్ల కుండతో తానే తడిపేది,
పనివాళ్లని తాకనిచ్చేది కాదు.

పద్దెనిమిదికి పెళ్లి కుదిరింది.
పల్లకీ కంచరపాలెం దాటకముందే
సముద్రంలోంచి ఉప్పుదండు లేచింది:
తెల్లటి మనుషులు, కళ్ల చోట గవ్వలు,
అడుగు పడిన చోట గడ్డి మొలవదు.
పల్లకీ ఎటు తిరిగిపోయిందో ఎవరూ చూడలేదు.
బోయీల కూలి మాత్రం ఆవిడే ఇచ్చింది.

ఆనాటి నుంచి ఏటా ఆషాఢ అమావాస్యకి
వాళ్లు రావడం, ఆవిడ దిగడం.
పండుగప్ప పొలుసులతో నేను కుట్టిన కవచం
తెల్లారేసరికి నా వాకిట్లో పడుండేది.

మొదటిసారి ఎడమ చంక కింద చిరిగింది.
రెండోసారి వీపున.
వీపున చిరుగంటే పారిపోయిందనుకున్నా.
లోపలి వైపు తిప్పి చూస్తే పాలపళ్ల గాటు,
ఎవరి బిడ్డనో పొట్ట కింద దాచి బోర్లా పడుకుంది.
అయిదోసారి, నడుము దగ్గర వదులు చేయమంది.
ఆరోసారి, మళ్లీ బిగించమంది.
సూది కాసేపు ఆగింది. నేనడగలేదు.

పదకొండు అతుకులు.
ఒక్కదానికీ కూలి రాలేదు.

పన్నెండో అమావాస్య మాపు తానే వచ్చింది.
చేతిలో కత్తి లేదు, చిలుము పట్టిన రాగిరేకు.
"మా తాత గోడలో దాచాడు. చదవడం వచ్చా?"
రాదన్నాను.
తప్పు చేసిన పిల్ల పాఠం ఒప్పజెప్పినట్టు తానే చదివింది:
కొండ ముక్కూ కోటా సముద్రం దగ్గర బదులు తెచ్చినవి,
మూడో తరంలో తిరిగి అప్పజెప్పాలి.
"మూడో తరం నేనే.
వాళ్లు దండు కాదే,
బాకీ అడగడానికొచ్చిన వాళ్లు.
పదకొండేళ్లు అప్పిచ్చినవాళ్లని నరికాను."

నాకు నవ్వొచ్చింది, పాపం.
"నా బాకీ కూడా ఉందమ్మా, పదకొండు" అన్నాను.
కవచం విప్పి వలల మీద పెట్టింది, ఉంచుకోమని.
"పొలుసులు నావే, దారం నాదే.
ఇందులో నీవి చిరుగులే కదా,
వాటినేం చేసుకోను?"

నూలుచీరతో నడిచెళ్లింది ఒడ్డుకి.
గుర్రం వెనకే వెళ్లింది, వద్దన్నా.
మోకాళ్ల లోతు నీళ్లలో ఎర్రగా కరగడం మొదలుపెట్టింది,
అయినా ఆగలేదు. ఆవిడ వెనక్కి తిరిగి
దాని మెడ మీద ఆఖరిసారి దోసెడు నీళ్లు పోసింది.

తెల్లారి చూస్తే కొండ మీద కోట లేదు.
కొండ ఊపిరి కూడా ఆగింది.
పేట మిగిలింది.
మా నేలకి ఎవరూ రేకు రాయించుకోలేదు,
ఆ లెక్కలో మేం లేం.

ఇప్పుడు పొద్దున్నే వచ్చి నా పక్కన కూర్చుంటుంది.
రోజు పనికి సగం అతుకు చొప్పున చెల్లు.
కత్తి పట్టిన వేళ్లకి ముడి కుదరడం లేదు,
మరీ బిగిస్తుంది, లేదా మరీ వదులు.
నిన్న ఆవిడ వేసిన కన్నులోంచి
బుట్టెడు కానాగంతలు జారిపోయాయి.
ఆ రోజు కొట్టేశాను.

ఇంకా తొమ్మిదిన్నర.